నీకెలా తెలుసు?

(తెలుగు తరగతి విద్యార్థుల సభలో ఒక కళాశాల అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

బాలబాలికలారా!

ఈ రోజు మీ తరగతికి రమ్మని మీ ఉపాధ్యాయులు పిలిచినప్పుడు, "పిల్లలకు ఏం చెప్పమంటారు?" అని అడిగాను. "మీ కళాశాలలో జరిగేదేదో చెప్పండి, చాలు" అన్నారు. నేను అమెరికాలో ఒక చిన్న కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. కాబట్టి మా కళాశాలలో ఏటా వసంతకాలంలో జరిగే ఒక పండుగ గురించి చెబుతాను.

ఆ పండుగలో పిండివంటలుండవు. పాటలూ, నాటకాలూ ఉండవు. ఆ రోజు ఉదయం నుంచి సాయంత్రం వరకు మా విద్యార్థులు తాము స్వయంగా చేసిన పరిశోధనలను నలుగురి ముందు నిలబడి వివరిస్తారు. వాళ్ల వయసు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు ఏళ్లు. ఇంకా పట్టా పుచ్చుకోనివాళ్లు. మీలో కొందరి అన్నయ్యలూ, అక్కయ్యలూ ఆ వయసువాళ్లే ఉంటారు.

పరిశోధన అంటే ఏమిటి? మీరు బడిలో ప్రయోగాలు చేస్తూనే ఉంటారు. నీరు ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతుందో కొలుస్తారు. అయస్కాంతం దేనిని ఆకర్షిస్తుందో చూస్తారు. ఆ ప్రయోగాలకు జవాబు ముందే తెలుసు. మీకు తెలియకపోయినా మీ ఉపాధ్యాయురాలికి తెలుసు. పుస్తకం చివరి పేజీలోనూ ఉంటుంది. మీ లెక్క తప్పితే, "మళ్లీ చెయ్యి" అంటారు. పరిశోధనలో అలా కాదు. ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఉపాధ్యాయుడికీ తెలియదు. ఎవరికీ తెలియనిదాన్ని తెలుసుకోవడానికి చేసే ప్రయత్నమే పరిశోధన.

"అంత పెద్ద పని కళాశాల విద్యార్థులు చేయగలరా?" అని మీకు సందేహం రావచ్చు. చేయగలరని చెప్పడానికి మన దేశం నుంచే రెండు కథలు చెబుతాను.

సర్ సి.వి. రామన్ పేరు మీరు విని ఉంటారు. ఆయన 1888లో తిరుచిరాపల్లిలో జన్మించారు. నాలుగేళ్ల వయసులో ఆ కుటుంబం మన విశాఖపట్నానికి వచ్చింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు. రామన్ బడిచదువు, కళాశాల చదువులో తొలి మెట్టు విశాఖ సముద్రతీరంలోనే సాగాయి. తరువాత ఆయన మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు.

అక్కడ ఎం.ఏ. చదివే రోజుల్లో ఒకనాడు ప్రయోగశాలలో పట్టకం మీద కాంతిని ప్రసరింపజేసి దాని కోణాన్ని కొలుస్తున్నారు. పట్టకమంటే మూడు పలకల గాజుముక్క. ఆ ప్రయోగం ఎంతోమంది విద్యార్థులు అంతకుముందే చేసినది. కాని కాంతి బాగా ఏటవాలుగా పడినప్పుడు గాజు ముఖం నుంచి వెనక్కు తిరిగిన వెలుగులో కొన్ని చారలు ఆయన కంటబడ్డాయి. ఆ చారలు రెండు వైపులా సమానంగా లేవు. "ఎందుకు సమానంగా లేవు?" అన్నది ఆయన ప్రశ్న. పాఠంలో ఆ ప్రశ్న లేదు. పరీక్షలో దానికి మార్కులూ లేవు. అయినా ఆయన కొలిచారు, లెక్కవేశారు, రాశారు.

రాసినదాన్ని తన ఆచార్యుడికి చూపించారు. నెలలు గడిచినా అభిప్రాయం రాలేదు. అప్పుడు రామన్ దానిని నేరుగా లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్ అనే శాస్త్రపత్రికకు పంపారు. 1906 నవంబరులో అది అచ్చయింది. ఆ నెలలోనే ఆయనకు పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇరవై రెండేళ్ల తరువాత, 1928 ఫిబ్రవరి 28న, కాంతిని గురించిన మరో గొప్ప విషయాన్ని కనుగొన్నట్లు ఆయన ప్రకటించారు. దానికే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. భారతదేశంలో ఏటా ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞానశాస్త్ర దినోత్సవంగా జరుపుకునేది అందుకే.

రెండో కథ ఆయన అన్నగారి కుమారుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌ది. ఆయన కూడా ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థే. 1928లో జర్మనీ నుంచి సోమర్‌ఫెల్డ్ అనే గొప్ప భౌతికశాస్త్రవేత్త మద్రాసు వచ్చారు. ఆయన రాసిన పుస్తకాన్ని చంద్రశేఖర్ అప్పటికే శ్రద్ధగా చదివి ఉన్నాడు. ఆ ఉత్సాహంతో వెళ్లి ఆయనను కలుసుకున్నాడు. ఆ పుస్తకం రాసిన మనిషే, ఆ పుస్తకంలోని శాస్త్రం అప్పుడే పాతబడిపోయిందని చెప్పారు! మరొకరైతే నిరాశపడి ఇంటికి వచ్చేవారు. చంద్రశేఖర్ మాత్రం కొత్త శాస్త్రమేదో చెప్పమన్నాడు. సోమర్‌ఫెల్డ్ అప్పటికింకా అచ్చుకాని తన వ్యాసాన్ని ఆ కుర్రవాడి చేతికిచ్చారు. దాన్ని చదివి, ఆ దారిలో తాను స్వయంగా ఆలోచించి, చంద్రశేఖర్ ఒక వ్యాసం రాశాడు. అది 1929లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయనకు పట్టా వచ్చింది 1930లో! అంటే పట్టాకంటే పరిశోధనే ముందు వచ్చిందన్నమాట. 1983లో ఆయనకూ నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. "వాళ్లు మహామేధావులు. మామూలువాళ్లకు ఇదంతా సాధ్యమా?" అనే కదా! నిజమే. ఆ రోజుల్లో విద్యార్థులు పరిశోధన చేయడం చాలా అరుదు. ఎవరికి వారే దారి వెతుక్కోవలసి వచ్చేది. క్రమంగా కళాశాలలే ఆ దారి వేయడం మొదలుపెట్టాయి. 1969లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో మార్గరెట్ మెక్‌వికార్ అనే భౌతికశాస్త్రవేత్త, పట్టాకు చదివే విద్యార్థులు కూడా ఆచార్యులతో కలిసి పరిశోధన చేసే ఏర్పాటు చేశారు. 1987లో నార్త్ కెరొలైనా రాష్ట్రంలోని ఆష్‌విల్ పట్టణంలో ఇటువంటి విద్యార్థుల కోసమే ఒక జాతీయ సమావేశం మొదలైంది. ఇప్పుడు పెద్ద కళాశాలలే కాదు, మా వంటి చిన్న కళాశాలలు కూడా ఏటా పరిశోధన దినం జరుపుకుంటున్నాయి.

ఆ రోజు మా సభామందిరం ఎలా ఉంటుందో ఊహించుకోండి. వరుసగా బల్లలు, వాటిపై నిలబెట్టిన పెద్ద పెద్ద పోస్టర్లు. ఒక్కొక్క పోస్టరు పక్కన ఒక్కొక్క విద్యార్థి. పోస్టరులో నాలుగు భాగాలుంటాయి. నా ప్రశ్న ఏమిటి? నేనేం చేశాను? నాకేం కనబడింది? దాని అర్థమేమిటి? చూడవచ్చినవాళ్లు ఒక్కొక్క పోస్టరు దగ్గర ఆగుతారు, వింటారు, ప్రశ్నలు వేస్తారు.

ఆ రోజు అన్నింటికంటే ఎక్కువగా వినబడే ప్రశ్న ఒకటుంది. "నీకెలా తెలుసు?" మనం ఇంట్లో పెద్దవాళ్లను ఇలా అడిగితే, "ఎదురు మాట్లాడుతున్నావా?" అంటారేమో! కాని ఆ సభలో ఈ ప్రశ్న మర్యాదకు గుర్తు. నీ మాట శ్రద్ధగా విన్నాను, నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను, ఆధారం చూపించు అని దాని అర్థం.

ఇక నాకు బాగా తెలిసిన ఒక విద్యార్థిని గురించి చెబుతాను. పేరు చెప్పను. చెబితే ఆ అమ్మాయి సిగ్గుపడుతుంది. తెలుగువారి అమ్మాయే. పరీక్షల్లో మొదటి స్థానమేమీ రాదు. ఒక శీతకాలం ఉదయం నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు వేస్తారు కదా! మంచు కరిగాక ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. "రోడ్డు పక్క చెరువులోకి పోతుంది. వసంతంలో వానలు పడి కొట్టుకుపోతుంది. ఎండాకాలానికి చెరువులో నీరు మళ్లీ మంచినీరు అవుతుంది" అంది. "అనుకోవడం సరే. కొలిచి చూడు" అన్నాను.

నీటిలో ఉప్పు కరిగితే ఆ నీటి గుండా విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. ఎంత సులువుగా ప్రవహిస్తుందో చూపే చిన్న పరికరం ఒకటుంది. ఆ అమ్మాయి ఆ పరికరం పట్టుకుని రెండు వారాలకొకసారి రెండు చెరువులకు వెళ్లేది. ఒకటి రోడ్డు పక్క చెరువు, రెండోది రోడ్డుకు దూరంగా అడవిలో ఉన్న చెరువు. రెండోది ఎందుకు? పోల్చి చూడడానికి. రోడ్డు పక్క చెరువులో మాత్రమే ఉప్పు పెరిగితే, అది రోడ్డునుంచి వచ్చిందని అనుకోవడానికి ఆధారముంటుంది. చలిలో, వానలో, ఎండలో ఏడాది పాటు తిరిగింది. చేతులు కొంకర్లు పోయిన రోజులున్నాయి. బురదలో బూట్లు కూరుకుపోయిన రోజులున్నాయి.

శీతకాలంలో రోడ్డు పక్క చెరువులో ఉప్పు పెరిగింది. వసంతంలో కొంత తగ్గింది. అంతవరకు ఆమె అనుకున్నట్లే జరిగింది. కాని ఆగస్టులో ఉప్పు మళ్లీ పెరిగింది! ఆగస్టులో రోడ్డుమీద ఉప్పు ఎవరు వేస్తారు?

ఆ అమ్మాయి దిగులుపడి నా దగ్గరికి వచ్చింది. "నా లెక్కలు పాడైపోయాయి. ఆ నాలుగు కొలతలూ వదిలేస్తే గీత చక్కగా వస్తుందని మా స్నేహితులంటున్నారు" అంది. పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆమె ఆ నాలుగు కొలతలూ చెరిపేస్తే ఎవరికీ తెలియదు. నాకు కూడా తెలియదు. పోస్టరు అందంగా ఉంటుంది. అందరూ మెచ్చుకుంటారు. మీరైతే ఏం చేస్తారు?

"ముందు నీ పరికరం నిజం చెబుతోందో లేదో చూడు" అన్నాను. ఆమె తూచిన ఉప్పును కొలిచిన నీటిలో కలిపి, ఆ నీటిలో పరికరాన్ని ముంచి చూసింది. సరిగ్గానే చూపింది. మరో పరికరం తెచ్చి చెరువు నీటిలో పెట్టింది. అదీ అదే చెప్పింది. అంటే తప్పు పరికరానిది కాదు, కొలతలది కాదు. తప్పు ఆమె ముందుగా అనుకున్న మాటలో ఉంది. అప్పుడా అమ్మాయి నాలుగు కొలతలూ పోస్టరు మధ్యలోనే వేసి, కింద ఇలా రాసింది: "ఎండాకాలంలో ఉప్పు తగ్గుతుందని అనుకున్నాను. తగ్గలేదు."

పరిశోధన దినం వచ్చింది. ఆమె పోస్టరు చూడడానికి ఇంటివాళ్లు వచ్చారు. వాళ్లతోపాటు అప్పుడే ఆంధ్రదేశం నుంచి వచ్చిన అమ్మమ్మ కూడా వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. "ఇందులో ఏం రాశావే?" అని అడిగింది. మనవరాలు నోరు తెరిచింది, మాట రాలేదు. ఆచార్యులకు గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్ల, అమ్మమ్మకు చెప్పలేక తడబడింది. పెద్ద పెద్ద శాస్త్రపదాలన్నీ ఇంగ్లీషులోనే వచ్చు. కాసేపు ఆలోచించి, చివరికి చిన్న చిన్న మాటలతో చెప్పింది. "చలికాలంలో రోడ్డుమీద వేసిన ఉప్పు చెరువులోకి పోయింది అమ్మమ్మా. వానలకు పోతుందనుకున్నాను. ఎండాకాలంలో మళ్లీ పెరిగింది."

అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా నౌపడ ప్రాంతం. అక్కడ సముద్రపు నీటిని మడుల్లో నిలవగట్టి, ఎండబెట్టి ఉప్పు పండిస్తారు. ఆవిడ నవ్వి, "ఎండ నీళ్లను తాగుతుంది గాని ఉప్పును తాగదు కదే! మా ఉప్పుమడుల్లో చూడలేదూ? నీళ్లు తగ్గేకొద్దీ ఉప్పు ముదురుతుంది. మీ చెరువులో నీళ్లు ఎంత తగ్గాయి?" అని అడిగింది.

మనవరాలు ఒక్క నిమిషం ఊరుకుంది. తరువాత, "తెలియదు అమ్మమ్మా. నేను నీటిమట్టం కొలవలేదు" అంది.

పొద్దుటి నుంచి అంతమంది వచ్చి ఎన్నో ప్రశ్నలు వేశారు. చెరువులో నీరెంత తగ్గిందని ఎవ్వరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఉప్పుమడుల గట్టుమీద నడిచిన మనిషి అడిగింది.

కథ అక్కడితో అయిపోలేదు. అమ్మమ్మ చెప్పింది కదా అని ఆ అమ్మాయి ఊరుకోలేదు. "నీకెలా తెలుసు?" అన్న ప్రశ్న అమ్మమ్మ మాటకూ వర్తిస్తుంది కదా! మరుసటి ఏడు రెండు చెరువుల్లోనూ గీతలు గీసిన కొలకర్రలు పాతింది. ఉప్పుతోపాటు నీటిమట్టాన్నీ కొలిచింది. అమ్మమ్మ మాటలో కొంత నిజం ఉందని తేలింది. ఎండకు నీరు తగ్గి ఉప్పు ముదిరింది. కాని నీరు తగ్గిన లెక్క ఒక్కటే సరిపోలేదు. అడవి చెరువు కూడా అదే ఎండకు దాదాపు అంతే తగ్గింది. అక్కడ ఉప్పు పెరిగింది కొద్దిగానే. మరి రోడ్డు పక్క చెరువులోకి మిగతా ఉప్పు ఎక్కడిది? శీతకాలపు ఉప్పు కొంత నేలలోకి ఇంకి, భూగర్భజలంలో కలుస్తుంది. ఆ నీరు నెలల తరబడి మెల్లమెల్లగా ఊరి చెరువులను, వాగులను చేరుతుంది. ఇటువంటిది వేరే చోట్ల శాస్త్రజ్ఞులు గమనించి ఉన్నారు. ఇక్కడా అదే జరుగుతూ ఉండవచ్చునని ఆమె రాసింది. "జరుగుతోంది" అని రాయలేదు, "జరుగుతూ ఉండవచ్చు" అని రాసింది. ఎందుకంటే నేల అడుగు నీటిని ఆమె ఇంకా కొలవలేదు. రెండో ఏటి పోస్టరులో చివరి పంక్తిలో అమ్మమ్మకు కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఆ నాలుగు కొలతలూ చెరిపేసి ఉంటే ఏమయ్యేది? అమ్మమ్మ ప్రశ్న వచ్చేది కాదు. కొలకర్ర వచ్చేది కాదు. ఎండాకాలంలో ఆ చెరువులో కప్పలూ, చేపలూ ఎంత ఉప్పునీటిలో బతుకుతున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. మనకు నచ్చని కొలతే ఒక్కొక్కసారి మనకు కొత్త దారి చూపిస్తుంది.

బాలబాలికలారా! పరిశోధన చేయడానికి మీరు కళాశాలకు వెళ్లేదాకా ఆగనక్కర్లేదు. మీ వంటింట్లోనే ఒక ప్రశ్న ఉంది. చలిదేశాలలో ఇడ్లీపిండి, దోసెపిండి త్వరగా పులియవు. అమ్మ గిన్నెను పొయ్యి పక్కనో, హీటరు పక్కనో పెడుతుంది. ఒకరు పిండిలో ఉప్పు ముందే కలపాలంటారు. మరొకరు పులిసిన తరువాతే కలపాలంటారు. ఎవరి మాట నిజం?

ఒకే గిన్నెలోని పిండిని, ఒకే రకం గాజుగ్లాసులు రెండింటిలో, సగం వరకు సమానంగా పోయండి. ఒకదానిలో అరచెంచా ఉప్పు కలపండి. రెండోదానిలో ఉప్పు లేకుండా, ఊరికే అంతసేపూ కలపండి. రెండింటినీ ఒకే చోట పెట్టండి. పిండి ఎంతవరకు ఉందో గ్లాసుకు దారం కట్టి గుర్తు పెట్టండి. రెండు గంటలకొకసారి స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి. ఒక్క విషయం మరచిపోకండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఉప్పూ మార్చి, చోటూ మార్చితే, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు. ఒక్కరోజు చేసి ఆగకండి, కనీసం మూడుసార్లు చేయండి. జవాబు నన్నడిగితే నేను చెప్పను. చెబితే అది పాఠమవుతుంది గాని పరిశోధన కాదు.

తరువాత మీ తెలుగు తరగతిలో అందరి ముందు నిలబడి చెప్పండి. నా ప్రశ్న ఇది, నేను ఇలా చేశాను, నాకు ఇది కనబడింది అని చెప్పండి. తెలుగులో చెప్పండి. ఆ అమ్మాయి తన విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నది అమ్మమ్మకు చెప్పిన రోజునే అని తరువాత నాతో అంది. పెద్ద మాటల చాటున దాగిన సందేహాలు చిన్న మాటల్లో చెప్పేటప్పుడు బయటపడతాయి. పైగా మీ తాతయ్యలకూ, నాయనమ్మలకూ నేల గురించి, నీటి గురించి, విత్తనాల గురించి ఎంతో తెలుసు. వాళ్ల భాషలో అడగకపోతే ఆ సంగతులు మీకు అందవు.

మీ స్నేహితులు "నీకెలా తెలుసు?" అని అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. కొలిచి ఉంటే కొలత చూపించండి. కొలవకపోతే, "తెలియదు, ఇంకా కొలవలేదు" అనండి. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ మాట అన్న మరునాడే కొలకర్ర తీసుకుని చెరువుకు బయలుదేరాలి.

వచ్చే ఏడు మళ్లీ వస్తాను. అప్పుడు మీరు మాట్లాడండి, నేను వింటాను. వెనుక వరుసలో కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న వేస్తాను. ఆ ప్రశ్న ఏమిటో మీకిప్పటికే తెలుసు!

సెలవు.